మూడు రోజుల సద్దిమూట

తల్లిచేపల చెరువు, గట్టు మీది గది
ఎండలు ముదిరిన వారం

వదినకు,

అందరం క్షేమం అని మొదలుపెట్టాలి. క్షేమంగా లేం కాబట్టి ఆ ముక్క రాయడం లేదు. ఫోన్ చేస్తే నువ్వు నవ్వేసి, "ఉండవే, పాలు పొంగుతున్నాయి" అని మాట మార్చేస్తావు. కాగితం మీద పాలు పొంగవు. అందుకే మీ మిల్లు నుంచి మేత సంచులు దింపే లారీ డ్రైవరు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు. నోరు గట్టి మనిషి.

సంగతి ఏమిటంటే, ఈసారి పిల్లలు సరిగ్గా రాకపోతే నా నలభై తల్లిచేపల్నీ తూకానికి అమ్మేస్తానన్నాడు పెద్దాయన అల్లుడుగారు. కూరల బజారుకి. నిన్న గట్టు మీద నిలబడి, చెరువులో వల లాగే మా వలతాత పక్కనుండగానే అన్నాడు. "ముసలివైపోయాయమ్మా. గుడ్లు తక్కువ, పెట్టినా పిల్లలు బతకవు. ఇంకా ఎన్నాళ్లు మేపుతాం?"

"ముసలివా? వీటికి ఐదేళ్లు కూడా నిండలేదు. మీ పెళ్లినాటికి ఇవి గుడ్లు కూడా కావు" అన్నాను.

ఆయనకి నచ్చలేదు. నచ్చకపోతే మానె.

నీకు తెలుసు కదా, ఈ బంగారుతీగ చేపలు ఎలాంటివో. మొప్పల జబ్బు వచ్చి చెరువంతా తెల్లగా తేలిన ఏడు, బతికి బయటపడ్డవాటి సంతానం ఇవి. ఈ చెరువు పెట్టిన పెద్దాయన ఒక్కొక్కదాన్నీ చేత్తో పట్టుకుని, కడుపు తడిమి, తోక చూసి ఎంచాడు. పన్నెండేళ్లు ఆయన పక్కన బకెట్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన పోయి రెండేళ్లు. ఆయన పోయిన నెలకే అల్లుడుగారు, మేం చేత్తో కలుపుకునే మేత మాన్పించి మీ సంచులు తెప్పించాడు. "మీ వదినే చెప్పింది, తల్లిచేపలకి ప్రత్యేకంగా చేసిన మేతట" అన్నాడు. నీ మాట కదా అని నేనూ తలాడించాను.

అప్పటి నుంచి చేపలు చూడ్డానికి ముద్దొస్తున్నాయి. బొద్దుగా, నిగనిగలాడుతూ. వచ్చినవాళ్లందరూ ఫోటోలు దిగుతున్నారు. కానీ కిందటేడు గుడ్లు సగం తగ్గాయి. పెట్టినవాటిలో సగం తెల్లబడి పాడయ్యాయి. మిగతావి పొదిగి పిల్లలైతే అయ్యాయి గానీ, మూడో రోజున తొట్టి అడుక్కి రాలిపోయాయి. కొన్నిటికి నడుం వంకర.

చేపపిల్ల గుడ్డులోంచి వచ్చాక మూడు రోజులు నోరు తెరవదు. పొట్ట కింద పచ్చసొన సంచి ఒకటి వేలాడుతుంటుంది, అదే దాని తిండి. తల్లి ఏం తిన్నదో అదే ఆ సంచిలో ఉంటుంది. పెద్దాయన దాన్ని మూడు రోజుల సద్దిమూట అనేవాడు. "పిల్లలు పోతే నీళ్లని తిట్టకు. తల్లికి ఏం పెట్టావో గుర్తు తెచ్చుకో" అనేవాడు.

గుర్తు తెచ్చుకున్నాను. మీ సంచే పెట్టాను. అందులో ఏముంది, వదినా? మీ కంపెనీని అడగడం లేదు. మా వదినని అడుగుతున్నాను.

నీ ఆడపడుచు


మేత మిల్లు, పరీక్షల గది
మధ్యాహ్నం టీ వేళ

చిరంజీవి ఆడపడుచుకి,

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నవాళ్లు తక్కువ చేసి చెప్పారు. మీ అన్నయ్య పెళ్లైన ఇన్నేళ్లలో నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే, "దానికి చేపల మీదున్న ప్రేమలో పావు వంతు నా మీద ఉంటే ఏడాదికోసారైనా వచ్చేది" అన్నాడు. దానికి కూడా జవాబు రాయి.

సంచిలో ఏముందంటావా? సంచి మీద అచ్చేసిందే ఉంది. మాంసకృత్తులు ముప్పై రెండు శాతం, కొవ్వు ఎనిమిది శాతం. ప్రతి బ్యాచ్ నా చేతి మీదుగానే పోతుంది, ప్రతి కాగితం మీదా నా సంతకం ఉంటుంది.

ముందు నీళ్లు చూసుకో. తెల్లవారగానే నీళ్లలో గాలి ఎంతుందో కొలుస్తున్నారా? మగచేపల్ని వేరే మడిలో ఉంచుతున్నారా, లేక అన్నీ కలిపేశారా? నీకు చెప్పడం చేపపిల్లకి ఈత నేర్పడమే, అయినా అడుగుతున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అన్నిటికీ సంచిని తిట్టకు.

ఇంకొక్క మాట. మేత ఎంత వేస్తున్నావు? చేప బరువులో నూటికి రెండు వంతులు దాటకూడదని సంచి మీద రాసి ఉంది. అది రాయలేదు నువ్వు.

అల్లుడుగారితో గొడవ పెట్టుకోకు. ఆయన కోపం ఆయనది, అన్నం మనది.

మీ వదిన


గట్టు మీది గది
చెరువు ఒక మెట్టు దిగిన రోజు

వదినకు,

అన్నయ్యకి జవాబు: చేపలు నేను రాగానే దగ్గరికొస్తాయి, నువ్వు మిషను కూడా ఆపవు.

నీకు జవాబు: నీళ్లు బాగానే ఉన్నాయి. రోజూ కొలుస్తున్నాం. మగవి వేరే మడిలోనే ఉన్నాయి. చేపపిల్లకి ఈత నేర్పింది చాలు.

నాలుగు రోజుల కిందట వల లాగుతుంటే ఒక తల్లిచేప రాయికి కొట్టుకుని చచ్చిపోయింది. మంచిదే, నుదుటి మీద మచ్చ ఉన్నది. దానికి ఏడవాలో, దాన్ని కోసి చూడాలో తెలియలేదు. ఏడుస్తూనే కోశాను. కడుపు ఇంత ఉంటే లోపల గుడ్లే అనుకున్నాం అందరం. వలతాత కూడా, "నిండు నెలలమ్మా" అన్నాడు. గుడ్లు కావు, వదినా. కొవ్వు. పసుప్పచ్చగా, పేగుల చుట్టూ, గుడ్ల సంచి చుట్టూ దళసరిగా పట్టుకుని ఉంది. గుడ్లకి చోటే లేదు. ఉన్నవి కూడా చిన్నాపెద్దా, రంగు వెలిసినట్టు. పైన పటారం, లోన లొటారం.

మాకు పన్నెండేళ్లుగా ఉన్న పద్ధతి, బొటనవేలితో కడుపు నొక్కి చూడడం. మెత్తగా ఉంటే గుడ్లు. ఈ రెండేళ్లూ నా వేలికి గట్టిగానే తగిలింది. "బాగా నిండింది కాబట్టి గట్టిగా ఉంది" అని నాకు నేనే చెప్పుకున్నాను. వేలు నిజం చెబుతుంటే కన్ను నోరు నొక్కేసింది.

ఇంకోటి చెబుతాను. పెద్దాయన మేత కలిపితే గట్టు మీదికి పిల్లులు వచ్చేవి. చీపురు పట్టుకుని ఒకరు కాపలా ఉండాల్సొచ్చేది. మీ సంచి విప్పితే వేయించిన తవుడు వాసన. పిల్లి తొంగి కూడా చూడదు. పిల్లికి తెలిసింది నాకెందుకు తెలియలేదా అని సిగ్గేస్తోంది.

అందుకని ఏం చేశానో విను. చెరువుకి అడ్డంగా వెదురు తడిక కట్టించాను. వలతాత, నేను, రెండు రోజులు నడుంలోతు నీళ్లలో. ముప్పై తొమ్మిది మిగిలాయి కదా, మగవాటి మడి పక్కన విడిగా పెరుగుతున్న పడుచు తల్లి ఒకదాన్ని తెచ్చి మళ్లీ నలభై చేశాను. తడికకి అటు ఇరవై, ఇటు ఇరవై. అటువైపు మీ సంచి. ఇటువైపు పెద్దాయన మేత: ఎండుచేపల పొడి, సోయా చెక్క, మొలకెత్తించి రుబ్బిన గింజలు, చేప కాలేయం మరగబెట్టి తీసిన జిడ్డు కొంచెం. గది అంతా కంపు. నా చీరలన్నీ కంపు. హాయిగా ఉంది.

అల్లుడుగారు వచ్చి అరిచాడు. "ఎవర్నడిగి కట్టావ్? తీసెయ్యి!"

"పిల్లలు పుట్టి నాలుగో రోజు దాటాక తీస్తాను. అప్పుడు తడికా తియ్యండి, నన్నూ తియ్యండి. అప్పటిదాకా ముట్టుకుంటే ఊరుకోను" అన్నాను.

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

నీ ఆడపడుచు


పరీక్షల గది
తలుపు వేసుకుని రాస్తున్నాను

ఆడపడుచు గారికి,

మీ అల్లుడుగారు మా మేనేజరుకి ఫోన్ చేశారు. "మీ మేత మీద నమ్మకం లేక మా దగ్గర ఒకామె చెరువుకి అడ్డం కట్టింది, ఆమె మీ పరీక్షల గది ఇన్‌చార్జికి స్వయానా ఆడపడుచట" అని. మేనేజరు నన్ను పిలిచి, పదిమందిలో నవ్వుతూ అడిగాడు, మీ ఇంట్లోవాళ్లే మన మేత తినరా అని. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎంత కష్టంగా వచ్చిందో నీకు అక్కర్లేదు.

ఈ గదికి ఇన్‌చార్జి అయిన మొదటి ఆడదాన్ని నేను. పద్నాలుగేళ్లు సీసాలు కడిగి ఈ కుర్చీలో కూర్చున్నాను. నువ్వు గట్టు మీద అరిస్తే గాలికి పోతుంది. నా మీద అరిస్తే ఇక్కడ కాగితం అవుతుంది.

నూనె మార్చారని ఎవరో నీకు ఎక్కించినట్టున్నారు. ఏ నూనె వేసినా ఎనిమిది శాతం ఎనిమిది శాతమే. దాని వల్లే చేపలు గొడ్డుపోతాయా? రెండు వైపులా మేత తూచి వేయకుండా, ఒకే మగచేపల్ని వాడకుండా నువ్వు చేసేది పరీక్ష కాదు, పంతం.

అడిగినదానికి ఇప్పటికీ చెప్పలేదు. మేత ఎంత వేస్తున్నావు?

నీ అన్నయ్య ఇది చదవలేదు. చదవనివ్వను కూడా.

వదిన


గట్టు మీది గది

మేత మిల్లు పరీక్షల గది ఇన్‌చార్జి గారికి,

నా ఉత్తరం మళ్లీ తీసి చదవండి. పిల్లి అన్నాను. వాసన అన్నాను. మా మేతలో జిడ్డు అన్నాను. మీరు నూనె మార్చారన్న మాట అందులో ఎక్కడా లేదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదండీ?

ఏ నూనె ఉండేది, ఏ నూనె వచ్చింది? ఎప్పుడు? సంతకం ఎవరిది?

చెరువు గట్టు మీద మేత వేసే ఆమె


మన ఇల్లు, వంటగది
లారీ రాని వారం, అందుకే పోస్టులో

అమ్మాయ్,

నీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని ఆరు రోజులు తిరిగాను. మీ అన్నయ్య అడగలేదు. ఏడో రోజు నేనే చూపించాను. చదివి మిషను ఆపాడు. అప్పుడు నాకు భయం వేసింది.

రెండేళ్ల కిందట, మీకు మొదటి సంచులు రావడానికి మూడు వారాల ముందు, తల్లిచేపల మేతలో చేపనూనె ఆపేశారు. దొరకడం లేదన్నారు. దాని బదులు వంటనూనె తయారీలో మిగిలిన చౌకరకం వేశారు. తల్లిచేపల సంచికీ, బజారు చేపల్ని పెంచే సంచికీ ఇప్పుడు తేడా సంచి రంగు ఒక్కటే. సంచి మీద కొవ్వు ఎనిమిది శాతం అని ఉంటుంది. ఏ కొవ్వు అన్నది ఉండదు. కాబట్టి నేను సంతకం పెట్టిన కాగితంలో అబద్ధం లేదు. నిజం కూడా లేదు.

నాకు తెలియక కాదు. నేను చదువుకున్నదే అది. చేపనూనెలో ఉండే కొన్ని కొవ్వులు చేప ఒంట్లో సరిపడా తయారుకావు, తిండిలో రావాలి. అవే గుడ్డులోకి చేరి పిల్ల కళ్లనీ మెదడునీ కడతాయి. మీ పెద్దాయన కలిపిన మొలకల్లో గుడ్డు పాడవకుండా కాపాడే విటమిన్ ఒకటి ఉంది. ఆయనకి దాని పేరు తెలియకపోవచ్చు, సంగతి తెలుసు. మా దగ్గర పేరు తెలుసు, సంగతి వదిలేశాం.

అభ్యంతరం ఒక కాగితం మీద రాశాను అప్పట్లో. మేనేజరు చదివి, "కుర్చీ బావుందా అమ్మా?" అన్నాడు. కాగితం చింపింది ఆయన కాదు. నేనే చింపాను. ఆ వారమే మీకు మా సంచులు మంచివని చెప్పాను.

నన్ను ఏమన్నా అను. కానీ ఇప్పుడు నా వంతు. లారీ డ్రైవరు నోరు గట్టిదే గానీ, నేను అడిగితే చెబుతాడు. నీ చెరువుకి నెలకి పది సంచులు చాలు. నువ్వు పద్దెనిమిది దింపించుకుంటున్నావు. చేపనూనె లేకపోవడం మా పాపం. నువ్వు కోసి చూసిన ఆ కొవ్వులో సగం మాత్రం నీ చెయ్యి. ఎంత మంచి మేతైనా అంత వేస్తే తల్లి బలుస్తుంది, గుడ్డు పెట్టదు.

ఇప్పటికి రెండు ఉత్తరాల్లో రెండుసార్లు అడిగాను. ఎందుకు దాచావు?

వదిన


గట్టు మీది గది
మబ్బు పట్టింది, వాన లేదు

వదినా,

నీ ఉత్తరం చదివి చెరువులో పారేశాను. తర్వాత నేనే దిగి తెచ్చుకుని ఆరబెట్టాను. సిరా కారింది గానీ "పద్దెనిమిది" అన్న ముక్క మాత్రం చెక్కుచెదరలేదు.

నీ మీద కోపం తగ్గలేదు, ముందే చెబుతున్నాను. రెండేళ్లు నా చేత్తో నేనే వాటికి తవుడు ముద్దలు పెట్టాను, నీ మాట నమ్మి. కిందటేడు మూడో రోజు తొట్టి అడుగు నుంచి పిల్లల్ని గిన్నెతో ఎత్తి పారబోశాను. ఆ రోజు నీకు ఫోన్ చేస్తే పాలు పొంగాయి.

ఇక నా సంగతి. పెద్దాయన పోయాక ఈ గట్టు మీద నాతో మాట్లాడే దిక్కు లేదు. వలతాతకి చెవుడు, అల్లుడుగారికి పొగరు. బకెట్ అంచు మీద గరిటెతో తడితే చాలు, నలభై చేపలూ గట్టు దగ్గరికి వచ్చి నోళ్లు తెరిచేవి. ఉదయం వేసేదాన్ని. మనసు బాగాలేకపోతే మధ్యాహ్నం ఇంకో పిడికెడు. ఎవరైనా ఏమైనా అంటే సాయంత్రం ఇంకో పిడికెడు. అవి తింటుంటే ఎవరో నా మాట వింటున్నట్టు ఉండేది. తూచి వేయడం మానేశాను. పెద్దాయన ఉంటే నా చేతి మీద కొట్టేవాడు. చెప్పడానికి సిగ్గేసింది, అందుకే దాచాను. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికిలి కాస్త పెద్దది, అంతే.

సరే, నువ్వన్నట్టే పరీక్ష చేద్దాం, పంతం కాదు. ఇవాళ్టి నుంచి రెండు వైపులా ఒకే తూకం. నూటికి రెండు, అంతకు మించి ఒక్క గింజ కాదు. ఏ రోజు ఏ వైపు ఎంత వేశానో గది గోడ మీద సుద్దతో రాస్తున్నాను, అల్లుడుగారికి కూడా కనబడేలా. మధ్యాహ్నం అవి వచ్చి నోళ్లు తెరుస్తాయి. మొహం తిప్పుకుంటున్నాను. నలభై మంది పిల్లల్ని పస్తు పెట్టినట్టే ఉంది, అయినా వేయను.

అన్నయ్యతో సన్నవల తొట్లు రెండు కుట్టించు. కొలత ఒకటే, కుట్టు ఒకటే. గుడ్లు పెట్టించడానికి. వానలు పడగానే రెండు వైపుల తల్లులకీ ఒకే మడిలోని మగచేపల్ని వదులుతాను.

నీకు మిగిలింది ఒకటే. చింపిన కాగితం మళ్లీ రాయి. అల్లుడుగారికి రాయి, మేనేజరుకి రాయి, మీ సంచులు కొనే ప్రతి గట్టుకీ రాయి. ఎవరి సంతకంతో వచ్చిందో వాళ్ల సంతకంతోనే పోవాలి.

నీ ఆడపడుచు


మన ఇల్లు, వంటగది
తొలివాన

అమ్మాయ్,

రాశాను. పదకొండు ఉత్తరాలు. మీ అల్లుడుగారికి ఒకటి, మేనేజరుకి ఒకటి, తల్లిచేపల్ని మేపే తొమ్మిది చోట్లకి తొమ్మిది. ఏ నూనె తీశారు, ఏది వేశారు, ఎప్పుడు, దాని వల్ల గుడ్డుకి ఏమవుతుంది, ఆ కాగితాల మీద సంతకం ఎవరిది, అన్నీ. మేనేజరుది ఆయన బల్ల మీద నా చేత్తోనే పెట్టాను.

సాయంత్రానికి పిలిచారు. కుర్చీ చూపించలేదు. "పొరపాటున రాశానని ఇంకో ఉత్తరం రాసివ్వండి. అందరికీ అదే పంపుదాం. విషయం ఇంతటితో అయిపోతుంది" అన్నారు. కాగితం, కలం కూడా వాళ్లే ఇచ్చారు.

రాసిచ్చాను. "రెండేళ్ల కిందట పొరపాటు రాశాను. ఇప్పుడు రాసింది సరిగ్గానే ఉంది" అని. కింద సంతకం, తేదీ.

పరీక్షల గది తాళంచెవి తీసుకున్నారు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడి ఏడ్చాను, అది కూడా రాస్తున్నాను, నేనేదో పెద్ద ధైర్యస్థురాలినని నువ్వు అనుకోకుండా. కానీ ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే నా మొహం నాకే బాగా కనబడింది, చాలా రోజులకి.

నా సంగతి సరే. నీ చేపలు ఏమయ్యాయో రాయి. నేను పోగొట్టుకున్నదానికి అక్కడ కనీసం కొన్ని పిల్లలైనా ఈదాలి.

వదిన

(ఇది అన్నయ్య రాస్తున్నాను. తొట్లు రెండూ పంపుతున్నా. రాసే ముందు మిషను ఆపాను, గమనించగలవు. మీరిద్దరూ చేపల కోసం కొట్టుకుంటుంటే మధ్యలో నేను బట్టలు కుట్టుకుంటూ బతుకుతున్నాను. మీ వదినని ఒక్క మాట అన్నావంటే తర్వాతి తొట్టికి చిల్లులు పెట్టి కుడతాను.)


గట్టు మీది గది
పిల్లలు పుట్టిన అయిదో రోజు

వదినా,

ముందు లెక్క, తర్వాత కథ.

వాన పడ్డ రెండో రోజు తల్లుల్ని తొట్లలోకి దింపాం. నీటిమొక్కలు వేశాం, గుడ్లు వాటి వేళ్లకి అంటుకోవాలి కదా. అటువైపు, అంటే మీ సంచి తిన్న ఇరవైలో తొమ్మిదే గుడ్లు పెట్టాయి. ఇటువైపు ఇరవైలో పదిహేను. ఇటువైపు గుడ్లు తేనెరంగులో, అన్నీ ఒకే సైజులో ఉన్నాయి. పొదిగాక రెండు వైపుల నుంచీ వందేసి పిల్లల్ని గాజు తొట్టెల్లో వేసి పెట్టాను. మూడో రోజంతా నేను అన్నం తినలేదు. వలతాత కూడా తినలేదు, ఆకలి లేదన్నాడు, అబద్ధం.

నాలుగో రోజు ఉదయం అటువైపు వందలో ఇరవై రెండు మిగిలాయి. ఇటువైపు డెబ్బై ఒకటి. డెబ్బై ఒకటీ పైకి లేచి, అడ్డంగా, తిన్నగా ఈదుతున్నాయి. నడుం వంకర మూడిటికే. రెండేళ్లుగా పట్టిన కొవ్వు రెండు నెలల్లో పూర్తిగా పోదు, పై ఏడు ఇంకా బాగుంటుంది. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను, వదినా. సంతోషంతో కాదు, కిందటేడువి గుర్తొచ్చి.

అల్లుడుగారిని పిలిచాను. గోడ మీది సుద్దరాతలు చదివాడు. నీ ఉత్తరం జేబులోంచి తీసి మళ్లీ చదివాడు. గాజు తొట్టెల్లోకి చాలాసేపు చూశాడు. మనిషి మూర్ఖుడు గానీ గుడ్డివాడు కాదు. "సరే. ఇటువైపు ఇరవై ఉంచు, ఆ మేతే వెయ్యి. అటువైపు ఇరవై పాడైపోయాయి కదా, రేపు ఉదయం బండి రమ్మంటాను" అన్నాడు.

"పాడైంది అవి కాదండీ. మనం పెట్టిన తిండి. నూనె మారిస్తే, తూచి వేస్తే, పై ఏడు అవీ పెడతాయి" అన్నాను.

"ఇరవై ఉంచమన్నానుగా. అది చాలు" అని వెళ్లిపోయాడు.

చాలదు. మొప్పల జబ్బుని దాటి వచ్చిన రక్తం అది. ఇరవై అటు పడ్డాయి, ఇరవై ఇటు పడ్డాయి. ఏది ఎటు అన్నది వల లాగినప్పుడు ఏది ముందు చేతికొస్తే అది, అంతే తేడా. అటు పడ్డ పాపానికి వాటిని తూకానికి పంపాలా?

వలతాత దగ్గరికి వెళ్లి చెవిలో అరిచి చెప్పాను. మొత్తం విన్నాడో లేదో తెలియదు. పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. ఇద్దరం కలిసి తొట్లలోని తల్లుల్ని చెరువులోకి వదిలేశాం. తర్వాత తడిక పీకేశాం. ఒక్కో వెదురుబద్దా లాగి గట్టు మీద పడేశాం. నలభైయీ ఒక్కటైపోయాయి.

పొద్దున్న బండి వచ్చింది, తొట్లు, తక్కెడ, ఇద్దరు మనుషులతో. అల్లుడుగారు గట్టు మీదికొచ్చి నీళ్లలోకి చూశాడు. తడిక లేదు. నేను బకెట్ మీద గరిటెతో తట్టాను. నలభై నోళ్లు వచ్చాయి.

"అటువైపువి ఏవి?"

"మీరే చూపించండి" అన్నాను.

"నీకు తెలుసు."

"తెలుసు. ఒక్కొక్కదాని మొహం తెలుసు. చెప్పను."

వలతాత వైపు తిరిగాడు. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ? ఏంటి బాబూ?" అన్నాడు. అంత బాగా వినబడకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఉద్యోగం పోతుంది" అన్నాడు అల్లుడుగారు.

"తడిక తీశాక నన్నూ తియ్యమని నేనే చెప్పాను. తీసెయ్యండి. కానీ ఆ డెబ్బై ఒకటిని పుట్టించే మేత ఎలా కలపాలో కూడా నాతోనే వస్తుంది" అన్నాను.

బండివాళ్లు విసుక్కుంటూ కాసేపు నిలబడ్డారు. తర్వాత ఖాళీ తొట్లతోనే వెళ్లిపోయారు. అల్లుడుగారు వాళ్ల వెనకే వెళ్లి, సగం దారిలో ఆగి, "నూనె ఎక్కడ దొరుకుతుందో కనుక్కో" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

ఇప్పుడు అసలు మాట. నా గదిలో కిటికీ దగ్గర బల్ల ఖాళీ చేశాను. నీ సీసాలకి అరలు వలతాత కొడుతున్నాడు. అన్నయ్య మిషను ఎక్కడైనా తిరుగుతుంది, సన్నవలలకి ఇక్కడ కొరత లేదు. మేత కలపడం నేను చూసుకుంటాను. అందులో ఏముందో ప్రతి సంచి మీదా పూర్తిగా రాసి, సంతకం పెట్టేది నువ్వు. మేత తూచే పని కూడా నీదే. మధ్యాహ్నం అవి నోళ్లు తెరిచినప్పుడు నా చేతిని మాత్రం నమ్మకు.

నీ మీద కోపం ఇంకా ఉంది. వచ్చాక ఎదురుగా కూర్చుని తిడతాను, ఉత్తరంలో తిడితే తృప్తిగా లేదు.

అల్లుడుగారిని అడిగావా అంటావు. అడగలేదు. చెప్పాను.

నీ ఆడపడుచు